పిండిన చెక్కలో మిగిలిన నూనె

ఎక్కువమందికి పులుసు చేయాల్సి వస్తే మా అమ్మ చింతపండును ఒక్కసారి పిసికి వదిలేది కాదు. తొలి పిసుకుడుకు చిక్కటి రసం వస్తుంది. ఆ పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి పిసికితే పల్చటిది. మూడోసారికి పులుపు తగిలీ తగలని నీళ్ళు. ఆ నీళ్ళను పారబోయకుండా, పక్కన గిన్నెలో నానాల్సిన కొత్త చింతపండులో పోసేది. కొత్త పండుకు పాత నీళ్ళు, పాత పిప్పికి కొత్త నీళ్ళు. చింతపండుకు పేరుపడిన హిందూపురం మార్కెట్ యార్డు వైపు ఎప్పుడు వెళ్ళినా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. చెనక్కాయ చెక్కలో దాగిన నూనెను బయటికి లాగే సాల్వెంట్ ప్లాంటు పనితనమంతా ఆ రెండు గిన్నెల మధ్యే ఉంది.

పెనుకొండ చుట్టుపక్కల ఎర్రనేలల్లో, ధర్మవరం దాకా, వానను నమ్ముకుని చెనక్కాయ వేసిన తరాలు ఎన్నో. గింజలో దాదాపు సగం నూనే. గానుగాడించినా, ఎక్స్‌పెల్లర్‌లో వేసి నలిపినా అదంతా రాదు. ఎంత గట్టిగా నొక్కిన చెక్కలోనైనా నూటికి ఆరు నుంచి ఎనిమిది పాళ్ళు మిగిలిపోతుంది. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన చెక్క ముక్కను పాత పేపర్లో చుట్టి కాసేపు బరువు కింద పెట్టి చూడండి, కాగితం మీద నూనె మరక పడుతుంది. టన్ను చెక్కలో అరవై నుంచి ఎనభై కిలోల నూనె అలా ఉండిపోతుంది. నొక్కుడుకు లొంగని ఆ నూనెను కరిగించి తీయాలి.

నీళ్ళు చింతపండు పులుపును కరిగించుకుంటాయి గానీ నూనెను ముట్టుకోవు. అందుకని ఇక్కడ పెట్రోలుకు దగ్గరి చుట్టమైన హెక్సేన్ వాడతారు. నూనెను వెంటనే తనలో కలుపుకుంటుంది, మాంసకృత్తుల జోలికి పోదు. పైగా 69 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి పని అయ్యాక ఆవిరి చేసి వెనక్కి తెచ్చుకోవడం తేలిక. మొదట్లో ఈ పనికి వాడింది వేరే ద్రవం. 1850ల్లో ఫ్రాన్సులో డైస్ అనే ఆయన ఆలివ్ పిప్పి నుంచి నూనె తీయడానికి కార్బన్ డైసల్ఫైడ్ ఉపయోగించాడు. అది విషం, తొందరగా అంటుకుంటుంది కూడా. హెక్సేన్ రాకతో ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఇక యంత్రం సంగతి. చెక్కను చిన్న ముక్కలు చేసి, చిల్లులున్న పొడవాటి బెల్టు మీద మందంగా పరుస్తారు. బెల్టు నిదానంగా ఒకవైపు కదులుతుంటే, పైనుంచి హెక్సేన్ జల్లు పడుతూ చెక్కలోంచి కిందికి దిగుతుంది. తాజా హెక్సేన్ పడేది బెల్టు చివర, నూనె దాదాపు అంతా పోయిన చెక్క మీద. అక్కడ కింద చేరిన ద్రవాన్ని పంపు ఎత్తి వెనకున్న చెక్క మీద పోస్తుంది, దాని కింద చేరినదాన్ని ఇంకా వెనక్కి. అలా చిక్కబడుతూ వచ్చిన ద్రవం చివరికి, నూనె నిండుగా ఉన్న కొత్త చెక్క మీద పడుతుంది. అమ్మ మూడో నీళ్ళు కొత్త చింతపండులో పోసినట్టే! తక్కువ ద్రవంతో ఎక్కువ నూనె రాబట్టడానికి ఇంతకన్నా మంచి అమరిక నాకు తెలియదు. బెల్టు దిగే చెక్కలో నూనె నూటికి ఒక పాలు కూడా ఉండదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది హెక్సేన్‌ను తిరిగి పట్టుకునే పని. నూనె కలిసిన ద్రవాన్ని వేడిచేసి హెక్సేన్‌ను ఆవిరిగా లాగుతారు. తడిసిన చెక్కలోకి నేరుగా నీటి ఆవిరి పంపి అందులో చిక్కుకున్నదాన్ని తరుముతారు. రెండు ఆవిరులూ చల్లటి గొట్టాల మీద పడి ద్రవంగా మారి ఒక తొట్టిలో చేరతాయి. అక్కడ ఎవరూ వేరుచేయనక్కర్లేదు. నీళ్ళు బరువు, కిందికి పోతాయి. హెక్సేన్ తేలిక, పైన తేలుతుంది. పైది మళ్ళీ బెల్టు దగ్గరికి వెళుతుంది. బాగా నడిపే ప్లాంటులో టన్ను చెక్కకు పోయేది కొన్ని లీటర్లే.

అయినా ఇది భయం మరవకూడని పని. హెక్సేన్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. గాలిలో నూటికి ఒక పాలు దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే ఇలాంటి చోట్ల అగ్గిపెట్టెలు, సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ఉంచాలి. ఇనుప పనిముట్లకు బదులు నిప్పురవ్వ రాలని లోహపు పనిముట్లు వాడతారు. వచ్చిన నూనెను కూడా నేరుగా అమ్మకూడదు. శుద్ధి చేశాక అందులో హెక్సేన్ పది లక్షల పాళ్ళకు ఐదు మించకూడదని మన ఆహార చట్టం చెబుతుంది.

నూనె పోయిన చెక్కలో సగానికి దగ్గరగా మాంసకృత్తులుంటాయి. పశువుల మేతకు, కోళ్ళ దాణాకు వెళుతుంది. ఒక్క జాగ్రత్త: బూజుపట్టిన కాయలో అఫ్లటాక్సిన్ ఉంటే హెక్సేన్ దాన్ని తీయలేదు, అది చెక్కలోనే ఉండిపోతుంది. 1960లో ఇంగ్లండులో వేల సంఖ్యలో టర్కీ కోళ్ళు చనిపోతే కారణం చెనక్కాయ చెక్కలోనే దొరికింది. కాబట్టి మంచి చెక్క కావాలంటే కాయను కళ్ళంలోనే బాగా ఎండబెట్టాలి.

ధర్మవరంలో ఈ కరిగించి తీసే పనే మరో రూపంలో కనిపిస్తుంది. పట్టు దారాన్ని సబ్బు, సోడా కలిపిన వేడినీళ్ళలో ఉడికిస్తే సెరిసిన్ అనే జిగురు కరిగిపోతుంది. దారం బరువులో నాలుగో వంతు దాకా తగ్గుతుంది, మెరుపూ మెత్తదనమూ అప్పుడే బయటపడతాయి. జిగురు పోవాలి, దారం దెబ్బతినకూడదు. ఆ గీత దగ్గర ఆగడమే నేర్పు.

చెనక్కాయలో ఇక మిగిలింది పొట్టు. కాయ బరువులో పావు వంతుకు పైగా ఉండే ఆ పెంకు ఎక్కువగా బాయిలర్లలో, బట్టీల్లో కాలిపోతోంది. కానీ అందులో సెల్యులోజ్ ఉంది, దాన్ని అతికించి ఉంచే లిగ్నిన్ మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఆల్కహాలు, నీళ్ళు కలిపి ఒత్తిడిలో 180 డిగ్రీలు దాటించి ఉడికిస్తే లిగ్నిన్ కరిగి వస్తుంది, పీచు మిగులుతుంది. ఆ ద్రవంలో నీళ్ళు పోస్తే లిగ్నిన్ గోధుమరంగు పొడిగా విడిపోతుంది, ఆల్కహాలు మళ్ళీ వాడుకోవచ్చు. కట్టె మీద ఈ పద్ధతికి 1930ల్లోనే పేటెంటు వచ్చింది. 1989లో కెనడాలో దీనితో ఒక మిల్లు కూడా నడిచింది, కొన్నేళ్ళకే మూతపడింది. ఒత్తిడి తట్టే పాత్రల ఖరీదు, ఆల్కహాలు ఖర్చు భరించాలంటే లిగ్నిన్‌కు మంచి ధర పలకాలి.

అనంతపురంలో నూనెల మీదే పనిచేసే సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. అక్కడ చదివే పిల్లలకు నా విన్నపం: చెక్క సంగతి మన ముందుతరం తేల్చింది, పొట్టు సంగతి మీరు చూడండి.