వివాహము, కుటుంబధర్మము, ప్రభుత్వపు హద్దు: శివభారత కన్యాశుల్కములను పురస్కరించుకొని ఒక పరిశీలన

వివాహము కుటుంబమునకు చెందినదా, రాజ్యమునకు చెందినదా యను ప్రశ్న తెలుగు సాహిత్యమున నూరేండ్లకు పైగా వినబడుచున్నది. మన విమర్శకులు దీనిని సంస్కర్తలకును సనాతనులకును జరిగిన వివాదముగా వివరించుట పరిపాటి. శాసనము కావలెనని సంస్కర్తలు కోరిరనియు, ఇంటి విషయమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని సనాతనులు వాదించిరనియు ఆ వివరణ సారాంశము. ఈ విభజన బోధనకు సులభమే గాని, గ్రంథములను చక్కగా చదువుటకు చాలదని మా అభిప్రాయము. ప్రభుత్వము గడప దాటినదా లేదా యని అడిగి ఊరకుండరాదు. ఎవరి కోరికపై దాటినది, ఎవరి ఇచ్ఛను త్రోసి దాటినది యని కూడ అడుగవలెను. కడప మండలముతో సంబంధముగల ఒక కావ్యమును, ఒక వ్యాజ్యమును, వాని నడుమ కన్యాశుల్కమును ఉంచి ఈ విషయమును పరిశీలింతము.

ముందుగా దేశాచారమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పెండ్లి కేవలము వధూవరుల విషయముగా ఎన్నడును లేదు. మేనరికము, భూమి, బంగారము అందు పెనవేసికొనియుండును. ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ళ ప్రసిద్ధి ఊరకనే వచ్చినది కాదు. కొడుకులు లేని రైతు అల్లుని తన యింట నిలుపుకొని, సేద్యమున తోడు చేసికొని, ఆస్తిలో భాగమిచ్చు ఇల్లటము రాయలసీమ రెడ్లలో చిరకాలమునుండి యున్నది. ధర్మశాస్త్ర గ్రంథములలో దీనికి చోటు లేకున్నను, ఆచారబలమును బట్టి మదరాసు ఉన్నత న్యాయస్థానము 19వ శతాబ్దిలోనే దీనిని అంగీకరించినది. సేద్యము చేయు పెక్కు కులములలో మారుమనువు దోషము కాకుండెను. ఆలుమగల తగవు మొదట చేరునది పెద్దమనుషుల ముందునకే. న్యాయస్థానమునకు వచ్చుట పిమ్మటి మాట. కావున రాజ్యము లేనిచోట పాలన లేదనుకొనుట పొరపాటు. అచట కులము, వంశము, పెద్దరికము ఏలుచుండును. ప్రభుత్వాధికారము పరిమితముగా నుండవలెనని వాదించువారు ఈ రెండవ పాలనను తరచుగా లెక్కలోనికి తీసికొనరు.

శాసనమునే నమ్మువారును మరచునది యొకటి కలదు. వితంతు పునర్వివాహ శాసనము 1856లో వెలువడినది. కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. శాసనము తలుపు తెరచినది గాని, ఆ తలుపు దాటుటకు తగిన ధైర్యమును ఇయ్యజాలకపోయినది. మరియు ఆ శాసనపు రెండవ నిబంధన పునర్వివాహము చేసికొన్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై నున్న హక్కును తొలగించినది. మారుమనువు ఆచారముగా గల కులములకు ఆ శాసనము క్రొత్తగా ఇచ్చినదేమియు లేదు. హక్కు తొలగించు నిబంధన మాత్రము వారికిని వర్తించునా యని ఉన్నత న్యాయస్థానములు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చినవి. ఒకే శాసనము ఒక వర్గమునకు చాలకపోయినది, మరియొక వర్గమునకు భారమగునేమో యను శంకకు తావిచ్చినది.

ఇక కావ్యమునకు వత్తము. ప్రొద్దుటూరున వసించి కృషి చేసిన గడియారము వేంకటశేషశాస్త్రిగారి శివభారతమున ఒక ఘట్టము సుప్రసిద్ధము. సేనాని సోనదేవుడు కల్యాణి దుర్గమును జయించి, బందీయైన ఒక యవనకాంతను శివాజీ ముందునకు తెచ్చును. శివాజీ సేనానిని మందలించి, ఆమెను తల్లిగా భావించి, సత్కరించి, రక్షణతో తనవారి కడకు పంపును. ఈ ఘట్టమును మన పాఠశాలలలో సౌశీల్యమునకు ఉదాహరణముగా బోధింతురు. అది సమంజసమే. కాని ఇందు రాజనీతి కూడ కలదు. జయించిన ప్రభువునకు అడ్డుచెప్పగల శక్తి ఆ సభలో మరియెవ్వరికిని లేదు. ఆ ప్రభువు తన చేతికి తానే హద్దు గీసికొనెను. రాజ్యాధికారము స్త్రీ శరీరముపై చెల్లదని కవి ఇచట స్థాపించెను.

అయినను ఈ ఔన్నత్యమున ఒక లోపము కలదు. ఆమెకు లభించిన రక్షణ మాతృభావము వలన వచ్చినది. హక్కు వలన వచ్చినది కాదు. రాజు సుశీలుడు కావున ఆమె క్షేమముగా మరలెను. రాజు అట్టివాడు కానిచో ఆమె గతి యేమి? ప్రభువు సౌశీల్యముపై ఆధారపడిన హద్దు ఆ ప్రభువుతోనే తొలగిపోవును. పరిమిత ప్రభుత్వమనుదానికి సరియైన అర్థము, ప్రభువు ఎట్టివాడైనను చెల్లునట్టి హద్దు. ఇది కావ్యమును తగ్గించుటకు చెప్పుమాట కాదు. కావ్యము ఆదర్శమును చూపగలదు. దానిని నిలుపు పని రాజ్యాంగముది.

గురజాడ కన్యాశుల్కము ఈ సమస్యను ఇంటిలోపలినుండి చూచినది. తొలికూర్పు 1897లోను, పెంచి వ్రాసిన మలికూర్పు 1909లోను వెలువడినవి. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములు 1,034 అని విజయనగర ప్రభువు చేయించిన పట్టికను గురజాడ తొలికూర్పు పీఠికలో పేర్కొనెను. అందులో ఏడాది పసికందులు కూడ కలరు. ఆ ముగ్గురు శిశువుల బేరము ఏ ప్రభుత్వము చేసినది? ఏ ప్రభుత్వమును చేయలేదు. తండ్రులు చేసిరి. నాటకమున అగ్నిహోత్రావధానులు తన యింట నిరంకుశుడు. వెంకమ్మ మొర ఆతనికి వినబడదు. బాలవితంతువగు బుచ్చమ్మ కన్నులయెదుటనే యున్నను, సుబ్బిని లుబ్ధావధానులకు అమ్మజూపుటకు ఆతడు వెనుదీయడు. అప్పీలు లేని పాలన అది.

అట్లని గురజాడ న్యాయస్థానమును రక్షకునిగా చిత్రించెనా? లేదు. పోలీసులు, కూటసాక్షులు, వకీళ్ళ బేరములు ఆతని హాస్యమునకు గురియైనట్లు సనాతనులు కూడ కాలేదు. సుబ్బి బయటపడినది కరటకశాస్త్రి పన్నుగడ వలన. లుబ్ధావధానులు హత్యానేరమునుండి బయటపడినది మధురవాణి సాక్ష్యము వలన. కడపట బుచ్చమ్మ గిరీశమునకును దక్కదు, తండ్రి యింటికిని మరలదు. సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించును. ఇంటికిని రాజ్యమునకును నడుమ, చదువుకొని నిలద్రొక్కుకొనుటకు స్త్రీకి మూడవ చోటు ఒకటి కావలెనని గురజాడ గ్రహించెను. ఈ అంశమును మన విమర్శకులు గిరీశము పరాభవమునకు ఇచ్చినంత ప్రాధాన్యముతో చూడకపోవుట విచారకరము.

ఈ చర్చ 1981లో కడప సబుకోర్టు మెట్లెక్కినది. పదునారేండ్ల ప్రాయమున, ఉన్నత పాఠశాల విద్యార్థినిగా నున్నపుడు, 1975 డిసెంబరు 13న తిరుపతిలో తనతో వివాహమైనదని చెప్పుచు, చలనచిత్ర నటి సరితను మరల కాపురమునకు రప్పింపుమని భర్త ఆ న్యాయస్థానమును కోరెను. హిందూ వివాహ శాసనము, 1955లోని 9వ నిబంధన ఆయనకు ఆధారము. విషయము ఉన్నత న్యాయస్థానమునకు పోగా, 1983 జూలై 1న న్యాయమూర్తి పి.ఎ. చౌదరిగారు ఆ నిబంధన రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. సహజీవనమును డిక్రీతో విధించుట స్త్రీ శరీరముపై ఆమెకుగల అధికారమును రాజ్యమునకు అప్పగించుటయే యని ఆ తీర్పు సారాంశము. ఈ నిబంధన మన ధర్మశాస్త్రమునుండి వచ్చినది కాదు. ఇంగ్లండు క్రైస్తవ మత న్యాయస్థానముల నుండి వచ్చినది. ఆ దేశము దీనిని 1970లోనే రద్దు చేసికొన్నది. కుటుంబధర్మ రక్షణమను పేరిట మనము కాపాడుచున్నది పరాయి సొత్తని దీనివలన తేలుచున్నది.

ఎదుటి పక్షపు వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. అదే సంవత్సరము నవంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, రాజ్యాంగ న్యాయమును ఇంటిలోనికి తెచ్చినచో దాంపత్యబంధము బలహీనమగునని తలచినది. సుప్రీంకోర్టు 1984 ఆగస్టు 8న 9వ నిబంధనను నిలిపి, సంసారము విచ్ఛిన్నము కాకుండ కాపాడుటకు అదియొక సాధనమని చెప్పినది. డిక్రీని ధిక్కరించినవారిని చెరసాలకు పంపు పద్ధతి 1923లోనే తొలగినది గదా యనియు వాదింపవచ్చును. కాని 1984 నాటి వ్యాజ్యమునే చూడుడు. కాపురమునకు పిలిచినది భార్య. ఆ డిక్రీ పిమ్మట కాపురము సాగలేదను కారణముననే భర్త విడాకులు పొందెను. కలుపుటకని చేసిన నిబంధన విడిపోవుటకు మెట్టుగా మారినది. ఇచ్ఛ లేనిచోట డిక్రీ కుటుంబమును నిలుపలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

పులివెందుల ప్రాంతపు పైడిపాలెమున 1922లో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు, కడపనుండి 1968లో ఆరంభించిన 'సంవేదన' ద్వారమునను, 'సారస్వత వివేచన' యందును, రచనను పాఠకుని సంస్కారముతో ముడివెట్టి విమర్శించిరి. ఆ కొలతను శాసనమునకును వర్తింపజేయవచ్చును. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ శాసనమును సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానముగా భాగమిచ్చినది. ఆనాటికే పెండ్లియైన కుమార్తెకు మాత్రము ఇయ్యలేదు. ఆ భేదము 2005 నాటి కేంద్ర సవరణతో తొలగినది. ఈ శాసనము ఎవరిని ఏ యింటికిని ఈడ్వదు. ఉండుటకైనను, వెడలుటకైనను కాళ్ళక్రింద కొంత నేల నిచ్చును. అల్లునికి భాగమిచ్చి ఇల్లు నిలుపుకొన్న రాయలసీమ రైతునకు కూతునకు భాగమిచ్చుట అర్థము కాని విషయము కారాదు.

కావున కుటుంబము, రాజ్యము ఒకదానికొకటి శత్రువులని భావించుట మాకు సమ్మతము కాదు. బలహీనుని ఇచ్ఛకు తోడైనపుడు రాజ్యము ఇంటికి హితము చేసినది; బలవంతుని ఆజ్ఞకు బంటైనపుడు ఇంటిని చెరసాలగా చేసినది. శివాజీ బందీని పంపిన త్రోవయు, సౌజన్యారావు బుచ్చమ్మకు చూపిన త్రోవయు స్త్రీని నిర్బంధమునుండి వెలికి తీసినవి. 9వ నిబంధన త్రోవ ఎదురుదిక్కునకు పోవుచున్నది. ఆ నిబంధన నేటికిని శాసనగ్రంథమున నిలిచియున్నది. దానిని ప్రశ్నించుచు 2019లో సుప్రీంకోర్టున మరల అర్జీ దాఖలైనది. కడప న్యాయస్థానమున పుట్టిన ప్రశ్నకు మన కవులును నాటకకర్తలును ముందుగానే కొంత సమాధానము చెప్పియున్నారు. దానిని చదివి చెప్పవలసిన బాధ్యత తెలుగు శాఖలదని మేము విన్నవించుచున్నాము.