జీపు కడుపు క్రింది పలక

అనకాపల్లి విడిచి చోడవరము, మాడుగుల మీదుగా పాడేరు ఘాటునెక్కి, తారుదారి ముగిసిన పిదప గూడెములకు బోవు మట్టిబాటలలో రాళ్లనొరసికొనుచు తిరిగివచ్చిన జీపును ప్రక్కనుండి చూచువారికి బురద మాత్రమే కానవచ్చును. అది పడిన పాట్లు తెలియవలెనన్నచో క్రిందికి దూరవలసినదే. (2022లో జిల్లాలు వేరుపడినవి గాని ఆ బురద నేటికిని ఉమ్మడి యాస్తియే.) నూనె నిలుచు ఇంజిను చాంబరునకును, గేరుబాక్సునకును తగులవలసిన దెబ్బలను అచ్చట తానే భరించు ఇనుప పలకను షెడ్లలో స్కిడ్ ప్లేటనియు, ఇంజిను గార్డనియు అందురు.

ఆ పలకను విప్పి చూచుటకు బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డుపెట్టి, పైకెత్తవలసివచ్చినచో జాకీని మాత్రమే నమ్మక స్టాండ్లు నిలిపి, పొగగొట్టము చల్లారిన పిమ్మటనే పానా చేతబట్టవలెను. త్రుప్పుతో పట్టివేసిన బోల్టులకు ముందునాటి సాయంకాలమే నూనె పట్టించుట మేలు. కడపటి రెండు బోల్టులు విప్పకమున్నే కొయ్యముక్క నడుమనుంచి పలకకు జాకీని ఆనింపనిచో, ఆ బరువంతయు విప్పువాని రొమ్ముపై పడును.

దిగిన పలకలో పోగైయుండు ద్రవ్యము విచిత్రము: తడి వీడని మట్టి లోహమును త్రుప్పుపట్టించుచుండును, ఎండుటాకులు పొగగొట్టపు వేడికి అంటుకొనుటకు సిద్ధముగా నుండును, చాంబరు నుండి కారు నూనె నేలపై చుక్క పడనీయక పలకమీదనే యింకి, యజమానుని నిశ్చింతగా నిద్రింపజేయుచుండును. చాంబరును కాచు పలకయే దాని రోగమును గూడ మరుగుపరచును. రాతిదెబ్బకు పలక పైకి పొంగి చాంబరును తాకుచున్నచో, సాగగొట్టి సరిచేయక మరల బిగించుట వ్యర్థము, ఏలయన తరువాతి దెబ్బ తిన్నగా చాంబరునకే చేరును.

అల్యూమినియము పలక ఇనుపదానిలో ఇంచుమించు మూడవవంతు తూగును గాని, మెత్తనిదగుటచే రాయి దానిలో దిగబడును. మన ఘాట్లకు ఇనుమే తగునని నా యభిప్రాయము.

విప్పుటకంటె బిగించుటయందే పనివాని నేర్పు తెలియును. మరలను తీగెబ్రష్షుతో శుభ్రపరచి, బోల్టులన్నిటిని మొదట వ్రేళ్లతోనే రెండుమూడు చుట్లు ఎక్కించి, ఆపై ఎదురెదురు మూలలుగా కొంచెము కొంచెము బిగింపవలెను. ఒకదానిని ముందే గట్టిగా బిగించినచో తక్కిన రంధ్రములు కలియవు, బలవంతము చేసిన మర చెడును. ఘాటు దిగివచ్చిన పిమ్మట మరియొకసారి పానా పెట్టి చూడవలెను. వదులైన పలక ప్రతి గుంటలోను గలగలమనును. ఆ చప్పుడు సైలెన్సరుదని భ్రమించి దానికి వెల్డింగు పెట్టించుకొన్నవారిని నేనెరుగుదును.