కల్యాణం విడిచిన బసవన్న

కాలేజీ వార్షికోత్సవమైనా, ఊళ్లో జాతరైనా ఏకపాత్రాభినయం అనగానే దుర్యోధనుడే. 1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చాక మయసభ సీను లేని పోటీ అరుదు. గద భుజానికెత్తుకుని మీసం మీద చెయ్యి వేయగానే చప్పట్లు. ఆ సీనంటే నాకూ ప్రాణమే. కానీ ఒక మనిషి ఎదగడమూ, కూలిపోవడమూ ఒక్క నటుడే చూపించాలంటే మాత్రం నా మనసు బీదర్ జిల్లా బసవకల్యాణానికి పోతుంది.

12వ శతాబ్దపు వచనకారుడు బసవన్న అప్పట్లో కల్యాణం అనే ఈ ఊరి రాజు బిజ్జలుడి కొలువులో కరణంగా చేరి భండారి (కోశాధికారి) దాకా ఎదిగాడు. ఎక్కడెక్కడి శరణులో (శివభక్తులు) కల్యాణం చేరారు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కూ, బ్రాహ్మణుడిగా పుట్టిన మధువరసు కూతురికీ పెళ్లయింది. కులం దాటిన ఆ పెళ్లికి వియ్యంకులిద్దరికీ రాజు మరణశిక్ష వేశాడు. ఊరు భగ్గుమంది. బిజ్జలుడు హతమయ్యాడు. బసవన్న కృష్ణ, మలప్రభ కలిసే కూడలసంగమం చేరాడు. గిరీశ్ కర్నాడ్ 1990లో ‘తలెదండ’ నాటకంగా రాసిందీ ఈ కథనే. అందులో వేదిక నిండా మనుషులే.

మరి ఒక్కడితో ఎలా? దారి వచనాల్లోనే ఉంది. బసవన్న వచనాల చివర వచ్చే అంకితం ‘కూడలసంగమదేవ’. ఎవరిని ఉద్దేశించి మొదలైనా మాట చివరికి దేవుడి దగ్గరికే చేరుతుంది. ఒంటరి నటుడికి ఇంతకన్నా ఆసరా ఏముంటుంది, వినేవాడు ఎప్పుడూ ఎదుటే ఉన్నాడు! మొదటి సగంలో చూపు జనం మీద వరుస వరుసా తిరగాలి. బిజ్జలుడితో మాట్లాడేటప్పుడు సింహాసనం ఎత్తుకు లేవాలి. హరళయ్య ముందు మాత్రం నడుం వంగాలి. వియ్యంకులను ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్చారని కథనం. అక్కడ రికార్డు చేసిన ఘీంకారాలు, డప్పులు వద్దు. నటుడు కదలకుండా నిలబడి, నేల మీద ఒక గీత వెంబడి చూపును మెల్లగా లాగితే చాలు, ముందు వరుస తలలన్నీ అటే తిరుగుతాయి. ఆ తర్వాత ఆ చూపు మళ్లీ జనం వైపు రాకూడదు. పతనమంతా అందులోనే ఉంది.

బసవన్న మనకు పరాయివాడు కాడు. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో ‘బసవపురాణం’ రాస్తే, దాన్ని 1369లో కన్నడంలోకి తీసుకెళ్లింది భీమకవి. బీదర్ కూడా 1956 దాకా మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోదే.

జహీరాబాద్, నారాయణఖేడ్ నాటక మిత్రులారా, ఈ ఏకపాత్రను తెలుగులో రాయండి. నలభై నిమిషాలు చాలు. తొలి ప్రదర్శన బీదర్‌లోనే వేయండి.