బీఈడీ, మైసూరు, మధ్యలో ఒక ఆకు

మన దగ్గర సైన్సు టీచరు ఎలా తయారవుతారో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. డిగ్రీలో బీఎస్సీ, తర్వాత ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టెట్, ఆపైన డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూపు. ఈ మెట్లలో ఏదో ఒకదాని మీద ఆగిపోయిన మనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. మైసూరు దారి అంతగా తెలిసింది కాదు. 1963లో ఎన్సీఈఆర్టీ అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు తెరిచింది. ఇప్పుడు వాటిని ప్రాంతీయ విద్యా సంస్థలంటున్నారు. ఇంటర్ కాగానే అక్కడ చేరితే నాలుగేళ్లలో సైన్సు డిగ్రీ, బోధన డిగ్రీ కలిపి చేతికొస్తాయి. మైసూరు సంస్థ దక్షిణాది రాష్ట్రాలన్నిటిదీ కాబట్టి మన పిల్లలూ కొందరు ఏటా అక్కడికి వెళుతుంటారు.

ఐదేళ్లా, నాలుగేళ్లా అన్నది పెద్ద తేడా కాదు. అసలు తేడా వరసలో ఉంది. మనది తాలింపు పద్ధతి. సైన్సు అనే పప్పు ముందు ఉడుకుతుంది, బోధన అనే పోపు చివర్లో పడుతుంది. కాగా మైసూరుది ఊరగాయ పద్ధతి. ముక్క, కారం, ఉప్పు మొదటిరోజు నుంచీ కలిసి ఊరాలి. తాలింపు తక్కువదని తెలుగువాడెవడూ అనడు, నేనూ అనను. కానీ పప్పు చల్లారాక వేస్తే ఆ పోపు పైనే తేలుతుంది. బీఎస్సీకీ బీఈడీకీ మధ్య రెండు మూడేళ్లు గడిచినవాళ్లు మన కాలేజీల్లో తక్కువేం కాదు.

ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. పదో తరగతి జీవశాస్త్రంలో మోల్ అర్ధపత్ర ప్రయోగం అందరూ చదివిందే. కుండీలో మొక్కను వారం పాటు చీకట్లో ఉంచితే ఆకుల్లోని పిండిపదార్థం ఖర్చయిపోతుంది. తర్వాత వెడల్పు మూతి సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లలు వేసి, చీల్చిన బిరడా మధ్య నుంచి ఒక ఆకును సగం లోపలికి, సగం బయటికి ఉండేలా బిగిస్తారు. లోపలి కార్బన్ డయాక్సైడును బిళ్లలు పీల్చేస్తాయి. కొన్ని గంటలు ఎండలో ఉంచి, ఆకును స్పిరిట్‌లో ఉడికించి, అయోడిన్ వేస్తే బయటి సగం నీలి నలుపవుతుంది, లోపలి సగం అవదు.

ఆమధ్య ఒక హైస్కూల్లో ఛాత్రోపాధ్యాయిని ఒకామె ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. చార్టు చక్కగా వేసుకొచ్చింది. లెసన్ ప్లాన్‌లో ఏ గడీ ఖాళీ లేదు. మూడో వరసలో పిల్ల ఒకతె లేచింది. “టీచర్, బిళ్లల వల్లేనని ఎట్లా తెలుసు? సీసాలో బిగించినందుకు గాలాడక అట్లయిందేమో?” టీచరు ఒక్క క్షణం ఆగి, “మంచి ప్రశ్న, తర్వాత చెబుతా” అని మూల్యాంకనం ప్రశ్నల్లోకి వెళ్లిపోయింది.

జవాబు ఆమెకు తెలియక కాదు. బిళ్లల బదులు మంచినీళ్లు పోసిన రెండో సీసా పక్కన పెడితే చాలు. కంట్రోల్ అనే ఆ మాట బోటనీ ప్రాక్టికల్స్‌లో తను రాసే ఉంటుంది. అయితే అది బీఎస్సీ రికార్డులో ఉండిపోయింది, లెసన్ ప్లాన్ బీఈడీ రికార్డులో ఉంది. ఆ రెండు రికార్డులూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూసుకోలేదు. (రికార్డులు కొనుక్కుని, కాలేజీ మొహం పరీక్షలప్పుడే చూసేవాళ్ల సంగతి వేరు. దాన్ని బోధనా సంప్రదాయం అనలేం.)

మైసూరు ఏర్పాటులోని అందం ఇక్కడే తెలుస్తుంది. ప్రయోగశాలా, బోధనా పద్ధతుల తరగతీ, పిల్లలు చదివే డెమాన్‌స్ట్రేషన్ స్కూలూ ఒకే ఆవరణలో ఉంటాయి. మొక్కల శరీరధర్మశాస్త్రం తను నేర్చుకుంటున్న రోజుల్లోనే, దాన్ని ఎనిమిదో తరగతికి ఎలా చెప్పాలన్న బెంగ కూడా మొదలవుతుంది. అర్థమైందనుకున్నది నిజంగా అర్థమైందా అని తనను తాను నిలదీసుకోవడానికి ఆ బెంగను మించిన పరీక్ష లేదు.

అలాగని మైసూరుకే ఓటు వేయలేను. పదిహేడేళ్లప్పుడు ‘టీచరునవుతా’ అన్నవాళ్లలో ఎందరికి ఆ మాట బరువు తెలుసు? నాలుగేళ్లయ్యాక ఎమ్మెస్సీ వైపో పరిశోధన వైపో మళ్లేవాళ్లు అక్కడా ఉన్నారు. కాగా మన బీఈడీలో చేరేవాళ్లలో చాలామంది అప్పటికే ఏ ప్రైవేటు స్కూల్లోనో గొంతు అరగదీసుకున్నవాళ్లు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకున్నవాళ్లు. బెంచీ మీద ఏ పిల్లాడు మధ్యాహ్న భోజనం కోసమే వచ్చాడో వాళ్లకు చూడగానే తెలుస్తుంది.

భాష సంగతీ అంతే. మైసూరులో పక్కన కూర్చునేది మలయాళీ, తమిళుడు, కన్నడిగుడు. అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లిషే. ఇక్కడ చదివినామె మాత్రం ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే ఐదు గజాల మాటను బోర్డు మీద రాసి, వెంటనే “ఆకు తన అన్నం తనే వండుకుంటుందిరా” అనగలదు. ఒకే పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ఈ రోజుల్లో ఆ ఒక్క వాక్యం విలువ పెరిగిందే గాని తగ్గలేదు.

బడి గుమ్మం తొక్కాక రెండు దారులవాళ్ల కష్టమూ ఒకటే. నలభై ఐదు నిమిషాల పీరియడు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని ల్యాబు బీరువా, ప్రయోగం చేసినా చేయకపోయినా మార్కుల్లో తేడా రాని పబ్లిక్ పరీక్ష. ఇప్పుడు చదువుల్లోనూ దారులు కలుస్తున్నాయి. 2030 నాటికి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత బీఈడీ కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా పుట్టిన వరంగల్ ఎన్ఐటీ కూడా బీఎస్సీ, బీఈడీ కలిపి చెబుతోంది. ఇంతలో 2025లో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో, పీజీ లేదా నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది బీఈడీ మళ్లీ తొంగిచూసింది. పదేళ్ల కిందటే రెండేళ్లకు పెంచిన చదువు అది! తాలింపు గరిటె ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆ రెండేళ్ల చదువు ఇచ్చిన మేలు ఒకటి మాత్రం చెప్పాలి. రెండో ఏడాదిలో పదహారు వారాల ఇంటర్న్‌షిప్. నేను చూసిన ఆ పాఠమూ అందులో భాగమే. ఆరోజు గంట కొట్టాక ఆ ఛాత్రోపాధ్యాయిని స్టాఫ్ రూముకొచ్చి, వెడల్పు మూతి సీసాలు రెండు దొరుకుతాయా అని అటెండరును అడిగింది. ఖాళీ హార్లిక్స్ సీసాలున్నాయన్నాడు. కుండీ పెట్టడానికి ఆటసామాన్ల గది అడిగింది, దానికి కిటికీ లేదు. చీకట్లో వారం, ఎండలో ఒక పూట. ఆమెకు బళ్లో ఇంకా తొమ్మిది రోజులున్నాయి.