ఇంజన్‌కు టానిక్ అవసరమా?

మీ ఇంట్లో కొత్త కారు కొన్నారనుకోండి. పెట్రోలు బంకులోనో, సర్వీసు చేయించే చోటో ఎవరో ఒక చిన్న సీసా చూపిస్తారు. "ఇది ఆయిల్లో పోయించండి, ఇంజన్ అరగదు, మైలేజీ పెరుగుతుంది" అంటారు. ఈ మాటలో నిజమెంతో పరిశీలిద్దాం.

ఇంజన్ ఆయిల్ అంటే ఒట్టి నూనె కాదు. అరుగుదలను తగ్గించే జింక్, భాస్వరాల సమ్మేళనం, మడ్డి పేరుకోనివ్వని డిటర్జెంట్లు, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు, నురగను అణచే పదార్థాలు తయారీలోనే కలుపుతారు. వాటి పాళ్లను ఇంజన్లలో పరీక్షించి చూస్తారు. పైనుంచి మరో సీసా పోస్తే ఆ సమతూకం చెడవచ్చు. ఉదాహరణకు, భాస్వరం మోతాదు మించితే పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక కన్వర్టర్ దెబ్బతింటుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎమ్ ప్రమాణం పలచని ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది.

మరి అమ్మేవారు చూపే ప్రదర్శన మాటేమిటి? తిరిగే ఉక్కు చక్రానికి బేరింగును గట్టిగా అదిమి, మామూలు ఆయిల్ ఓడిపోయిందంటారు. కానీ నడుస్తున్న ఇంజన్లో క్రాంక్‌షాఫ్ట్‌కూ దాని బేరింగుకూ మధ్య ఆయిల్ పొర ఉంటుంది. లోహం లోహాన్ని దాదాపు తాకదు. క్యామ్ వంటి చోట్ల తాకినా, అక్కడ పనిచేయడానికే ఆ జింక్ సమ్మేళనం ఉంది. కాబట్టి ఆ ప్రదర్శన ఇంజన్‌ను పరీక్షించడం లేదు.

అమెరికాలో స్లిక్ 50 అనే సరుకు కథ చూడండి. స్టార్ట్ చేసే క్షణాన ఇంజన్‌కు రక్షణ ఉండదని దాని ప్రకటనలు భయపెట్టాయి. మామూలు ఆయిలే తగినంత రక్షణ ఇస్తుందని, ఆ ప్రచారం అబద్ధమని 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకి వచ్చి, ఆధారంలేని ప్రచారం మానడానికి ఒప్పుకుంది.

ఇక వారంటీ. ఆ దేశంలో 1975 నాటి చట్టం ప్రకారం, బయటి సరుకు వాడినంత మాత్రాన కంపెనీ వారంటీ నిరాకరించకూడదు. అయితే ఆ సరుకు వల్లే ఇంజన్ చెడిందని తేలితే ఖర్చు యజమానిదే. మన దగ్గరైనా వారంటీ పుస్తకంలోని షరతులే ముందు చదవాలి. ఆయిల్లో ఏమీ కలపవద్దని అందులో ఉంటే, కలిపాక వచ్చే తగాదాలో మీ వాదన బలహీనపడుతుంది.

కనుక సీసా అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఏ ఇంజన్లో పరీక్షించారు? ఇది లేని ఇంజన్‌తో పోల్చారా? ఇంజన్ చెడితే డబ్బు ఎవరిస్తారు? వీటికి కాగితం మీద జవాబు రాకపోతే, ఆ డబ్బుతో మాన్యువల్ చెప్పిన ఆయిల్‌ను వేళకు మార్పించండి.