అలెప్పోలో దించని కెమెరా

వాద్ అల్-కతీబ్ సినిమా పాఠాలు చదువుకున్న మనిషి కాదు. 2011లో సిరియాలో నిరసనలు మొదలైనప్పుడు అలెప్పో విశ్వవిద్యాలయంలో విద్యార్థిని. చేతిలో ఉన్న ఫోన్‌తోనే తీయడం మొదలుపెట్టింది. తర్వాత కెమెరా వచ్చింది, డాక్టర్ హంజాతో పెళ్లయింది, కూతురు సమా పుట్టింది. 2016లో నగరం ముట్టడిలో చిక్కినా తీస్తూనే ఉంది.

అలా తీసినవాటిలో ఆసుపత్రి దృశ్యం ఒకటుంది. గాయపడ్డ నిండు గర్భిణికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కదలిక లేదు. వీపు రుద్దుతారు, తలకిందులుగా పట్టుకుని తడతారు. మనం ఆశ వదులుకున్నాక కూడా కెమెరా కదలదు. అప్పుడు బిడ్డ కళ్లు తెరిచి ఏడుస్తుంది. ఇంకొకరైతే కెమెరా ఎప్పుడో దించేసేవారు, దించినా తప్పుపట్టలేం. ఎప్పుడు ఆపకూడదో తెలియడమే నా లెక్కలో అసలు పనితనం.

వందల గంటల ఫుటేజీని ఎడ్వర్డ్ వాట్స్‌తో కలిసి గంటన్నర పైచిలుకు ‘ఫర్ సమా’గా మలిచింది. 2019లో కాన్ చిత్రోత్సవంలో దానికి ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి మరో చిత్రంతో కలిపి దక్కింది. బహుమతుల మాట అటుంచితే, బాంబుల దృశ్యాలు వార్తా ఛానళ్లకూ దొరుకుతాయి. ముట్టడి రోజుల్లో తన భర్త తెచ్చిన ఒకే ఒక్క పండు చూసి ఒక స్నేహితురాలు మురిసిపోవడం మాత్రం ఆ ఇంట్లో మనిషిగా మసలినవాళ్లకే దొరికింది.