తడిబట్టల్లో ఉన్నాను, తియ్యకు

వాడపల్లి వెంకన్న గుడికి శనివారం వెళ్లినవాళ్లకి ఆ రద్దీ తెలిసిందే. ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చి, ఏడేసి ప్రదక్షిణలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కనిపిస్తారు. పిల్లల చదువు, కూతురి పెళ్లి, మొగుడి తాగుడు... మొక్కులన్నీ ఇంటివే. ఆ మధ్య ఒక శనివారం పొద్దున్నే రేవులో స్నానం చేసి మెట్లెక్కుతున్న ఒక పెద్దావిడ, ఫోను ఎత్తి పట్టుకున్న కుర్రాడిని చూసి ఆగిపోయింది. "తడిబట్టల్లో ఉన్నాను, తియ్యకు నాయనా" అంది. ఆ అబ్బాయి మర్యాదగానే జవాబిచ్చాడు. "మీరు పడట్లేదండీ మామ్మగారూ, జనం పడుతున్నారంతే."

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అతని కంటికి ఆవిడ నిజంగానే అందులో లేదు. ఉన్నది జనం. వీడియోకి కావలసిందీ జనమే. ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు తిరిగాను. నిజంగా జరిగిన విషాదాన్ని కెమెరా పట్టుకోవడం, ఆ దృశ్యంతో ఎవరో ఏదో అమ్ముకోవడం గురించి మనం మాట్లాడుకునేటప్పుడు తప్పిపోతున్న మనిషి ఆవిడే అనిపిస్తుంది.

ఈ గోదావరి మీదే కాస్త ఎగువన, రాజమండ్రి పుష్కరఘాట్‌లో, 2015 జూలై 14న తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. అది పుష్కరాల మొదటి రోజు. 144 ఏళ్లకొకసారి వచ్చే మహాపుష్కరం అని అంతకుముందు నెలల తరబడి ప్రచారం జరిగింది. ముఖ్యమంత్రి స్నానం కూడా ఆ పొద్దున అదే ఘాట్‌లో జరిగింది. దాన్ని ప్రచారచిత్రం కోసం తీస్తూ జనాన్ని ఆపి ఉంచారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. విచారణకు వేసిన జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో శాసనసభ ముందుకొచ్చింది. అది తప్పుని ఆ చిత్రీకరణ మీద పెట్టలేదు. ముహూర్తం మీద జనానికున్న నమ్మకాన్నీ, మీడియా చేసిన విపరీత ప్రచారాన్నీ కారణాలుగా చెప్పింది.

రాజకీయ వాదనని కాసేపు పక్కన పెట్టి ఈ నివేదికనే ఒక పాఠంలా చదవండి. ప్రచారం వల్ల జనం వచ్చారు, నమ్మకం వల్ల తోసుకున్నారు అంటోంది. అంటే ప్రకటన ముందు పుట్టింది, విషాదం దాని వెనకాల వచ్చింది. కానీ ఆ ప్రకటనను తయారు చేసినవాళ్లంతా ఒక వాక్యంలో కలిసిపోయి, చివరికి మిగిలింది భక్తురాలి మూఢనమ్మకం! పిలిచినవాడి సంగతి పోయి, వచ్చినదాని తెలివితక్కువతనం మిగిలింది. ఈ వ్యాకరణం మనకి కొత్తేం కాదు. ఆ వేళప్పుడు ఎందుకెళ్లావని అడిగేవాళ్ల వ్యాకరణమే ఇది.

ఆ రోజు టీవీల్లో అవే దృశ్యాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. చెప్పుల కుప్పలు, విడిపోయిన మూటలు, ఊపిరాడక పడిపోయిన ఆడవాళ్లు. నేనూ చూశాను, టీవీ కట్టెయ్యలేదు. వార్తా చానల్ బతికేది ప్రకటనల మీదని మనకి తెలుసు. ఆ దృశ్యాన్ని ఎవరూ సబ్బు పెట్టె మీద అచ్చు వెయ్యక్కర్లేదు. అది రెండు ప్రకటనల మధ్య మనల్ని కదలకుండా కూర్చోబెడితే చాలు. ముందురోజు దాకా పుష్కరశోభ అని చూపించిన ఆడవాళ్లనే మర్నాడు మృతదేహాలుగా చూపించారు. రెండుసార్లూ వాళ్లని అడిగినవాళ్లు లేరు.

విషాద దృశ్యాన్ని ప్రకటనలో వాడడం అనగానే చాలామందికి బెనెటన్ గుర్తొస్తుంది. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోతున్న డేవిడ్ కిర్బీ అనే యువకుడిని, మంచం పక్కన ఏడుస్తున్న కుటుంబంతో సహా, తెరీజ్ ఫ్రేర్ అనే ఫోటోగ్రాఫర్ 1990లో తీసింది. నలుపు తెలుపు ఫోటో. 1992లో బెనెటన్ దానికి రంగులద్ది, మూలన తన పేరు వేసుకుని స్వెట్టర్ల ప్రకటనగా ప్రపంచమంతా తిప్పింది. బహిష్కరించమని ఎయిడ్స్ ఉద్యమకారులే పిలుపునిచ్చారు. కానీ ఆ కుటుంబం ఒప్పుకునే ఇచ్చింది. కంపెనీ తమని వాడుకోలేదనీ, కొడుకు బాధ లోకానికి తెలియడానికి తామే కంపెనీని వాడుకున్నామనీ వాళ్లు చెప్పారు. ఆ మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేను. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ హక్కు లేదని చెప్పడానికి నేనెవరిని? ఆ ప్రకటన నాకు ఇప్పటికీ నచ్చదు. ఒక మరణం కింద దుకాణం పేరు ఉండడం నచ్చదు. అయినా అక్కడ ఒకరు అడిగారు, ఒకరు జవాబిచ్చారు. 2004లో బుష్ ఎన్నికల ప్రకటనల్లో న్యూయార్కు శిథిలాల దృశ్యాలు వచ్చినప్పుడు అదీ లేదు. మృతుల కుటుంబాలు కొన్ని బహిరంగంగా అభ్యంతరం చెప్పాక కూడా ఆ ప్రకటనలు ఆపలేదు.

మన దగ్గర ఒకామె వద్దని అంది. ఏమైందో చూద్దాం.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని, ఆసుపత్రి నుంచి బయటికొస్తుండగా, గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. కూలి ఇచ్చి చంపించాడని కేసు నమోదైంది ఆమె తండ్రి మీదే. సిసి కెమెరాలో పడ్డ ఆ హత్య చానళ్లలోనూ ఫోన్లలోనూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. 2020 మార్చిలో తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ జూన్‌లో, సరిగ్గా ఫాదర్స్ డే రోజున, రామ్‌గోపాల్ వర్మ "మర్డర్" అనే సినిమాని ప్రకటించాడు. దాని కింద "కుటుంబ కథా చిత్రమ్" అని ఉపశీర్షిక.

ఆ పోస్టరు చూడగానే అదెవరి కథో రాష్ట్రాలు రెండింటికీ తెలిసింది. ఎలా తెలిసింది? ఆ సిసి కెమెరా దృశ్యం అప్పటికే అందరి కళ్లలో ఉంది కాబట్టి. రెండేళ్ల కింద ఒక స్త్రీ నిస్సహాయంగా నిలబడ్డ ఆ కొన్ని క్షణాలు, ఈ సినిమాకి ముందుగానే, పైసా ఖర్చు లేకుండా దొరికిన ప్రకటన. ఇక రోజు ఎంపిక చూడండి. పెళ్లాడినందుకు కూతురి భర్తని చంపించాడన్న అభియోగం ఉన్న మనిషి కథని నాన్నల పండగ రోజున ప్రకటించడం యాదృచ్ఛికమని నేననుకోను. కులహత్య కాస్తా తండ్రి ప్రేమ కథ అయింది. హత్యని మొత్తం చూసిన మనిషి, ఆ ప్రేమకి అర్హురాలు కాని కూతురిగా మారింది. వ్యాపారంలో ఇంతకన్న తెలివైన అమ్మకం ఉండకపోవచ్చు, ఇంతకన్న పాత పితృస్వామ్యమూ ఉండదు.

ఆమె నల్గొండ కోర్టుకి వెళ్లింది. ఆగస్టులో కోర్టు విడుదలని ఆపింది. నవంబరులో హైకోర్టు, ఆ దంపతుల పేర్లు ఎక్కడా వాడకూడదన్న షరతుతో, అడ్డు తొలగించింది. డిసెంబరులో సినిమా వచ్చింది.

నాకు ఈ షరతు దగ్గరే ఆగాలనిపిస్తుంది. న్యాయస్థానానికి పేరు కనిపించింది. పేరు తీసేస్తే గాయం పోతుందనుకుంది. దృశ్యానికి పేరు అవసరం లేదు. ముఖం, రోజు, ఆసుపత్రి గుమ్మం, నెలలు నిండుతున్న కడుపు, ఇవి చాలు. పైగా పేరు తీసేశాక ఆ మనిషి అడగడానికి చట్టంలో జాగా కూడా పోయింది. "మీరు పడట్లేదండీ" అని ఆమెకీ చెప్పినట్టే అయింది. హత్య కేసులో తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. సినిమా తీర్పు కోసం ఆగలేదు, దానికి అంత ఓపిక అక్కర్లేదు కదా.

కల్పన రాసేవాళ్లం మనం కూడా నిజ సంఘటనలు తీసుకుంటాం, అక్కడ గీత ఎక్కడ అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. రాసేటప్పుడు ఆ స్త్రీ వైపు నుంచి ఒక్కసారైనా చూశామా, ఆమె చదువుతుందన్న భయం మనకి ఉందా అని అడుగుతున్నాను. ప్రకటనకి ఆ భయం ఉండదు. అది ఆమె చూడాలని తీసేది కాదు, మిగతావాళ్లు చూడాలని తీసేది.

వాడపల్లికి తనదైన విషాదం ఒకటుంది. 1931లో స్వామి రథం మీద గాంధీ బొమ్మ పెట్టారని పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. దానికి దృశ్యం లేదు, ఒక స్మారకం ఉంది, చెప్పుకునే మాటలున్నాయి. ఎవరు చెప్పినా కాస్త మారుతుంది, చెప్పినవాళ్ల గొంతు దానికి అంటుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ కత్తిరించి మరో సరుకు పక్కన అతికించలేకపోయారు.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. ఆహ్వానాలకి ఘాట్ల దృశ్యాలు కావాలి, తడిచీరల్లో చేతులు జోడించిన ఆడవాళ్లు కావాలి, పైనుంచి డ్రోను తీసిన జనసముద్రం కావాలి. రాజమండ్రి ఘాట్‌లో తల్లినో చెల్లెలినో పోగొట్టుకున్న ఇళ్లల్లో కూడా ఆ వీడియోలు వస్తాయి. ఆ రోజు నాటి పాత దృశ్యం, శబ్దం తీసేసి పాట కలిపితే, భక్తజన సందోహంలాగే కనిపిస్తుంది.

పెద్దావిడ ఆ తర్వాత ఏం చేసిందో చెప్పలేదు. కొంగు తల మీదికి లాక్కుని, ఆ అబ్బాయి ఫోను దించేదాకా మెట్టు మీదే నిలబడింది. వెనక వస్తున్నవాళ్లు విసుక్కున్నారు. కదల్లేదు.